అడవికి అడ్డు తొలగించిన ఆచార్యుడు

సీమచింతకాయ రుచి ఎరుగని బడిపిల్లవాడు మన పల్లెలలో ఉండడు. ముళ్ళకొమ్మల చివర చుట్టలు చుట్టుకొని వ్రేలాడు ఆ కాయలను దోటితో రాల్చి, నల్లని గింజను తీసివేసి, తెల్లని గుజ్జును తినని బాల్యము తెలుగునాట అరుదు. పేరులోనే ‘సీమ’ అని చేర్చి, అది సముద్రముల ఆవలి నుండి వచ్చినదని మన పెద్దలు చెప్పియుంచిరి. బాటల ప్రక్క గొడుగువలె కొమ్మలు చాచి, ప్రొద్దు గ్రుంకగానే ఆకులు ముడుచుకొను నిద్రగన్నేరును, గుడి ముంగిళ్ళలో పరిమళించు దేవగన్నేరును అట్టివే. ఈ మూడు వృక్షములును అమెరికా ఖండపు ఉష్ణమండలమునకు చెందినవి. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశమున, పసిఫిక్ సముద్రతీరమందలి గ్వానకాస్తె మండలమున, ఇవి ఎవ్వరును నాటకయే, నీరు పోయకయే అడవులలో పెరుగును.

ఆ అడవులు మన నల్లమల అడవులకు దూరపు చుట్టములవంటివి. ఏటేట కొన్ని నెలలపాటు అక్కడ చుక్క వాన పడదు. చెట్లు ఆకు రాల్చి మోడువారి నిలుచును. తొలకరి పడగానే చిగిర్చి, ఆ ఎండలు తామెరుగనట్లు పచ్చగా కలకలలాడును. స్పెయిన్ దేశీయులు ఆ తీరమున అడుగిడునాటికి మధ్య అమెరికా పసిఫిక్ తీరపు మైదానములలో ఇట్టి అడవి సుమారు 5,50,000 చదరపు కిలోమీటర్ల మేర, అనగా ఫ్రాన్సు దేశమంత, వ్యాపించియుండెను. 1988 నాటికి అందులో చెప్పుకొనదగినంత చెక్కుచెదరక మిగిలినది నూటికి రెండు పాళ్ళు సైతము లేదని ఒక ప్రాణిశాస్త్రవేత్త లెక్క తేల్చిరి. ఆయనయే ఆచార్య డేనియల్ జాన్జెన్.

లెక్క తేల్చి ఊరకుండక, ఆ అడవిలో ఒక భాగమునైనను తిరిగి రప్పించవలెనని ఆయన పూనుకొనిరి. ఆ ప్రయత్నము వలన లోకమునకు తెలిసివచ్చిన పాఠము సామాన్యముగా కనబడును గాని, చాల లోతైనది. అడవిని మనిషి పెంచనక్కరలేదు. దాని దారికి అడ్డము లేకుండ చూచిన చాలును. అయితే ఆ అడ్డములలో అన్నిటికన్న పెద్దది అగ్గియు గాదు, గడ్డియు గాదు. చుట్టునున్న జనులకు ఆ అడవి యేమిటో తెలియకపోవుటయే పెద్ద అడ్డము. అందుచేతనే జాన్జెన్ చరిత్రమున పరిశోధన యెక్కడ ముగిసినదో, బోధన యెక్కడ మొదలైనదో గీత గీసి చెప్పుట కష్టము.

చీమలు కాపు కాయు చెట్టు

జాన్జెన్ 1939లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిల్వాకీ నగరమున జన్మించిరి. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున పట్టభద్రులై, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున 1965లో డాక్టరేటు పొందిరి. ఆ పట్టమునకై ఆయన ఎన్నుకొన్న ప్రాణి చీమ.

మెక్సికో దేశపు తూర్పు తీరమున, వెరక్రూజ్ ప్రాంతమున, మన తుమ్మకు దగ్గర చుట్టమైన చెట్టొకటి ఉన్నది. దాని ముళ్ళు ఎద్దుకొమ్ములవలె లావై, లోపల బోలుగా ఉండును. ఆ బోలు ముళ్ళలో చీమలు కాపురముండును. చెట్టు ఆ చీమలకు ఆకు కాడలపై తీయని ద్రవమును, చిట్టి ఆకుల కొనలయందు పుష్టికరమైన చిన్న ముద్దలను అమర్చి పెట్టును. ఇల్లును, తిండియు ఇచ్చిన చెట్టుకు చీమలేమి యిచ్చును? నికరాగ్వా దేశపు గనులలో పనిచేసిన థామస్ బెల్ట్ అను ఆంగ్లేయుడు, 1874లో ప్రచురించిన గ్రంథమున, ఈ చీమలు చెట్టుకు కావలివాండ్రని వ్రాసెను. అది ఊహయే గాని నిరూపణ కాదని తరువాతి పండితులలో కొందరు దానిని త్రోసిపుచ్చిరి.

జాన్జెన్ వాదమునకు దిగలేదు, ప్రయోగమునకు దిగిరి. కొన్ని చెట్లనుండి చీమలను తొలగించిరి. ప్రక్కనే కొన్ని చెట్లను చీమలతోనే ఉండనిచ్చిరి. ఆ మీద వేచి చూచిరి. చీమలు లేని చెట్ల లేతాకులను పురుగులు తినివేసినవి. ప్రక్క తీగెలు వానిపై ప్రాకి ఊపిరాడనీయలేదు. చీమలున్న చెట్లు మాత్రము ఏపుగా పెరిగినవి. చీమలు తినవచ్చిన పురుగును కుట్టుటయే గాక, ప్రాకవచ్చిన తీగెను కొరికి, చెట్టు మొదట కలుపు లేకుండ శుభ్రము చేయుచుండుట ఆయన కనులార చూచిరి. 1966లో వెలువడిన ఆ వ్యాసము, రెండు జాతులు ఒకదాని నొకటి తీర్చిదిద్దుకొనుచు కలిసి పరిణామము చెందునను విషయమునకు గొప్ప నిదర్శనముగా నేటికిని పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది. ఒక చెట్టునుండి తీసివేయుట, ఇంకొక చెట్టును ఉండనిచ్చుట, రెండింటిని పోల్చుట: శాస్త్రీయ పద్ధతి యనగా ఏమో పదునాలుగేండ్ల విద్యార్థికి బోధించుటకు ఇంతకన్న చక్కని ఉదాహరణ దొరకదు.

పుచ్చిన గింజ చెప్పిన రహస్యము

1963లో జాన్జెన్ మొదటిసారి కోస్టారికా వచ్చిరి. అప్పటికి ఆయన ఒక శిక్షణ తరగతిలో విద్యార్థి. 1965లో అట్టి తరగతులకే బోధకులైరి. 1963లోనే పలు విశ్వవిద్యాలయములు కలిసి స్థాపించిన ఉష్ణమండల అధ్యయన సంస్థ ఈ తరగతులను నడుపుచుండెను. అక్కడ పాఠము గది నాలుగు గోడల నడుమ జరుగదు. విద్యార్థులు అడవిలోనే బస చేసి, ఉదయము ఒక ప్రశ్న వేసికొని, పగలంతయు లెక్కలు కట్టి, రాత్రికి తాము కనుగొన్నది తోటివారి ముందుంచవలెను. జాన్జెన్ కాన్సాస్, చికాగో, మిషిగన్ విశ్వవిద్యాలయములలో పనిచేసి, 1976లో ఫిలడెల్ఫియా నగరమందలి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. అటుపై అనేక సంవత్సరములు సంవత్సరమున కొంతభాగము ఫిలడెల్ఫియాలో బోధన, కొంతభాగము కోస్టారికా అడవిలో పరిశోధన, ఇదియే ఆయన దినచర్య.

మన యిండ్లలో పెసలు, కందులు, చింతగింజలు పుచ్చుట చూచుచునే ఉందుము. గింజను తొలుచు ఆ చిన్న పురుగుల బంధువర్గమును జాన్జెన్ అడవిచెట్ల గింజలలో వెదకిరి. పురుగులు తమకిష్టమైన జాతి గింజలకొరకు తల్లిచెట్టు చుట్టును మూగుచుండును. తల్లి నీడన పడిన గింజలలో అధికభాగము వానికి ఆహారమగును. దూరముగా పడిన గింజ తప్పించుకొనును. ఇట్లు ఏ చెట్టును తన చుట్టును తన సంతానముతోనే నింపుకొనజాలదు గనుక, నడుమనున్న చోటు వేరు జాతులకు దక్కును. ఉష్ణమండలపు అడవులలో అన్ని జాతుల చెట్లు కలగలిసి ఎట్లు మనుచున్నవను ప్రశ్నకు 1970లో ఆయన ఇచ్చిన సమాధానమిది. మరుసటి సంవత్సరము జోసెఫ్ కానెల్ అను వేరొక పండితుడును స్వతంత్రముగా ఇదే నిర్ణయమునకు వచ్చుట చేత, ఇది వారిరువురి పేర ప్రసిద్ధమైనది.

మరియొక చిక్కు ఆయనను వేధించెను. గ్వానకాస్తె అను చెట్టు కోస్టారికాకు జాతీయ వృక్షము. చెవి ఆకారముననుండు దాని పెద్ద కాయలు చెట్టు క్రింద రాశులుగా రాలి అట్లే మురుగుచుండును. అడవిలో వానిని తిని గింజను దూరముగా చేర్చు మృగము లేదు. మోయువాడు లేని బరువైన పండును ప్రకృతి ఏల నిర్మించెను? 1982లో పాల్ మార్టిన్‌తో కలిసి జాన్జెన్ ఒక సమాధానము ప్రకటించిరి. సుమారు పదివేల ఏండ్ల క్రిందటి వరకు ఆ ఖండమున ఏనుగువంటి భారీ మృగములును, అడవిగుర్రములును ఉండెడివి. ఆ పండ్లు వానికొరకు ఏర్పడినవి. మృగములు నశించినవి, పండ్లు మిగిలినవి. స్పెయిన్ వారు తెచ్చిన గుర్రములును, పశువులును ఆ కాయలను ఇష్టముగా తిని, పేడతో గింజలను దూరముగా విడుచుచుండుట ఇందుకు తోడ్పడు సాక్ష్యము. మేకలు సర్కారుతుమ్మ కాయలు తిని ఊరిబయలంతయు ఆ తుమ్మను మొలిపించుట చూచిన మన రైతునకు ఈ మాట వింతగా తోచదు.

అగ్గియు, గడ్డియు

పరిశోధకుడుగా ఇంత పేరు గడించిన పిమ్మట, 1984లో స్వీడన్ శాస్త్ర పరిషత్తు ఆయనకు క్రాఫూర్డ్ బహుమానము నిచ్చెను. అయితే ఆయన పరిశోధించుచున్న అడవి ఆయన కన్నుల ముందే కాలిపోవుచుండెను.

గ్వానకాస్తె మండలమున సాంతా రోసా అను జాతీయ వనము 1971లో ఏర్పడెను. 1856లో కోస్టారికా సైనికులు విదేశీ దండును ఓడించిన యుద్ధభూమి యగుటచే ఆ దేశీయులకు అది పుణ్యస్థలము వంటిది. సుమారు పదివేల హెక్టార్ల ఆ వనములో అడవి తునుకలు తునుకలుగా మిగిలియుండెను. నడుమనంతయు పశువుల బీడు. ఆ బీళ్ళలో ఆఫ్రికా నుండి తెచ్చి చల్లిన జరాగ్వా అను గడ్డి మనిషి మునుగునంత ఎత్తు పెరిగియుండెను. ఎండకాలమున అది ఎండి, చిన్న నిప్పురవ్వ పడిన చాలును, గాలివాటున మైళ్ళ దూరము అంటుకొనును. గడ్డి వేళ్ళు నేలలో క్షేమముగా ఉండి వానలతో మరల మొలచును. చెట్ల మొలకలు మాత్రము మాడి మసియగును. మంట ఏటేట అడవి అంచును కొంచెము కొంచెము కొరికివేయును; ఆ కొరికిన మేర గడ్డి ఆక్రమించును. కంచె వేసి, కావలి పెట్టి, ‘జాతీయ వనము’ అని పలక నాటినంత మాత్రమున ఈ చక్రము ఆగదు.

1985లో దేశపు వేరొక మూలనున్న కోర్కొవాడో జాతీయ వనములో బంగారము కొరకు జొరబడిన పేదలు ఏరులను త్రవ్వి పాడుచేయుచుండగా, ఆ నష్టమును పరిశీలించుటకు జాన్జెన్‌ను పిలిచిరి. ఆయనయు, ఆయన జీవితమునను పరిశోధనమునను సహచారిణియైన విన్నీ హాల్వాక్స్‌యు ఆ పర్యటన వలన ఒక విషయము గ్రహించిరి. చుట్టునున్న జనులకు అడవి వలన బ్రతుకుదెరువుగాని, జ్ఞానముగాని, గౌరవముగాని లేనప్పుడు చట్టమొక్కటే అడవిని కాపాడజాలదు.

మరుసటి సంవత్సరము, 1986లో, ఆయన ఒక ప్రణాళికను ప్రచురించిరి. సాంతా రోసా చుట్టునున్న పశువుల బీళ్ళను కొని, అడవి తునుకలను కలిపి, సముద్రతీరము మొదలు అగ్నిపర్వత శిఖరముల వరకు ఒకే వనముగా చేయుట అందలి మొదటి భాగము. ఎండకాలము రాగానే తీరపు అడవిలోని రెక్కల పురుగులలో ననేకము కొండల కావలి తడి అడవులకు వలస పోవును. కావున కొండను విడిచి తీరమును మాత్రము కాపాడుట తలుపు పెట్టి గోడ మరచినట్లగును. పరిసర జనులకు ఆ అడవిని మరల తమదిగా చేయుట రెండవ భాగము. కోస్టారికా అధ్యక్షులు ఆస్కార్ ఆరియాస్ ప్రభుత్వము దీనిని ఆదరించెను. స్వీడన్ ప్రభుత్వము కోస్టారికా అప్పుపత్రములను తక్కువ వెలకు కొని, ఆ సొమ్ము దేశీయ ద్రవ్యరూపమున ఈ వనమునకు చెందునట్లు చేసెను. జాన్జెన్ తన బహుమాన ధనమును సైతము ఈ కార్యమునకే వెచ్చించిరి.

ఇక అడవిని రప్పించుట. అందుకు లక్షలకొలది మొక్కలు నాటించలేదు. మొదట అగ్గిని ఆపిరి. ఆ బీళ్ళలో పశువులు కాచినవారినే నియమించి, అగ్గి యెటు ప్రాకునో, ఏ గాలి ఏ వేళ తిరుగునో వారెరిగియున్న విద్యను ఇప్పుడు అడవి పక్షమున వినియోగించిరి. గడ్డి మితిమీరి పెరుగకుండ కొంతకాలము పశువులను మేయనిచ్చిరి. గుర్రములు, పశువులు గ్వానకాస్తె గింజలను మోసి సాయపడినవి. గాలికెగురు గింజలు మొదట వచ్చి బీడులో మొలచినవి. ఆ మొలకలు కొమ్మ వేయగానే పక్షులు వచ్చి వాలినవి, గబ్బిలములు వచ్చినవి, వానితో పండ్ల గింజలు వచ్చినవి. నీడ కమ్మినచోట జరాగ్వా గడ్డి బ్రతుకజాలక తానే చచ్చినది. మనిషి చేసినదెల్ల అగ్గిని దూరముంచి ఓపికతో వేచియుండుట. కాని ఆ ఓపిక ఒక యేడు, రెండేండ్లది గాదు, దశాబ్దములది.

కొండ కావలి తడి ప్రాంతమున ఈ ఉపాయము పారలేదు. అక్కడి చెట్ల గింజలు చాలవరకు గాలికెగురునవి గావు. వానిని మోయు మృగపక్షులు ఎండ కాయు బీడును దాటి రావు. అచ్చట వేరొక సాయము దొరకెను. కలపకొరకు నాటి విడిచిన గుమ్మడి టేకు తోపుల నీడన గడ్డి నశించి, అడవి మొలకలు తలయెత్తుట వారు కనుగొనిరి. ఆ గుమ్మడి టేకు మన దేశపు చెట్టు. మనకు సీమచింతను పంపిన నేలకు మన చెట్టు దాదిగా వెళ్ళి పనిచేసినదని సంతోషింపవచ్చును.

నారింజ తొక్కల వ్యాజ్యము

ఈ కథలో మిక్కిలి విచిత్రమైన ఘట్టము నారింజ తొక్కలది. వనము సరిహద్దున డెల్ ఓరో అను సంస్థ నారింజ రసము తీయు కార్మాగారమును స్థాపించెను. రసము తీసిన పిమ్మట గుట్టలుగా మిగులు తొక్కలను ఏమి చేయవలెను? జాన్జెన్ దంపతులు ఒక ఒడంబడిక సూచించిరి. సంస్థ తన అధీనమందలి అడవి భూమిని వనమునకు ఇయ్యవలెను. బదులుగా తొక్కలను వనములోని పాడుబడిన బీడుపై పోసి కుళ్ళనీయవచ్చును.

1998లో సుమారు వేయి లారీల తొక్కలు, అనగా 12,000 టన్నులు, మూడు హెక్టార్ల బీడుపై పోసిరి. ఆ తొక్కల దుప్పటి క్రింద గడ్డి ఊపిరాడక చచ్చెను. పురుగులు, బూజు కలిసి కొలది నెలలలోనే దానినంతను నల్లని మట్టిగా మార్చినవి. ఇంతలో ప్రత్యర్థియైన మరియొక రసపు సంస్థ, జాతీయ వనమును చెత్తకుప్పగా చేసిరని వ్యాజ్యమాడెను. దేశపు అత్యున్నత న్యాయస్థానమున తీర్పు ఆ సంస్థకే అనుకూలమై, పని నిలిచిపోయెను. తొక్కలు పోసిన చోటిని అందరును మరచిరి.

2013లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు జాన్జెన్ సూచనపై ఆ చోటును చూడబోయెను. గుర్తుకై నిలిపిన పసుపు అక్షరముల పెద్ద పలక తీగెలలో, పొదలలో మరుగుపడుటచే ఆ చోటే మొదట పోల్చుకొనలేకపోయెను. బాట కొకవైపు తొక్కలు పోయని బీడు. రెండవవైపు దాటరాని అడవి. ఆ విద్యార్థియు, తోటి పరిశోధకులును కొలిచి 2017లో ప్రకటించిన లెక్క ప్రకారము, తొక్కలు పడిన చోట నేలపై పెరిగిన చెట్టుచేమల రాశి పడనిచోటికన్న 176 శాతము అధికము. ఒకరి చెత్త వేరొకరికి ఎరువగునని మన పెంటకుప్పల రైతుకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. కాని ఏ చెత్త, ఎంత, ఎచ్చట అని తూచి చూచుటయే శాస్త్రము. తూచకయే పోసిన ఆ వ్యాజ్యమాడినవారి భయము నిజమయ్యెడిది.

గొంగళిపురుగుల బడి

1978 మొదలు జాన్జెన్ ఆ అడవిలోని గొంగళిపురుగుల జాబితా నొకటి వ్రాయ నారంభించిరి. ఏ పురుగు ఏ ఆకు తినును, ఏ సీతాకోకచిలుకగానో చిమ్మటగానో మారును, దాని దేహములో గ్రుడ్లు పెట్టి దానిని చంపు కందిరీగ ఏది? ఒక్కొక్క పురుగును దాని ఆకుతో సహా ఒక ప్లాస్టిక్ సంచిలో ఉంచి, దండెముపై బట్టలవలె వ్రేలాడదీసి, ప్రతిదినము చూడవలెను. ఆయన చిన్న యిల్లు అట్టి సంచులతో నిండియుండెడిది. ఈ పని ఒక్కరివలన కానిది.

అందుచే 1989 మొదలు పరిసర గ్రామముల వారికే శిక్షణ నొసగిరి. పశువులు కాచినవారు, సేద్యము చేసినవారు, ఇల్లు చక్కబెట్టుకొను స్త్రీలు అందులో చేరిరి. వారిలో పలువురి చదువు ప్రాథమిక పాఠశాలతో ముగిసినది. కాని ఏ కొమ్మన ఏ పురుగుండునో వారికి బాల్యమునుండియు తెలియును. ఆ తెలివికి క్రమశిక్షణయు, నమోదు చేయు పద్ధతియు చేర్చగా, వారు జీతమునకు పనిచేయు నిపుణులైరి. లక్షలాది పురుగుల వృత్తాంతము వారి చేతిమీదుగా దస్త్రములకెక్కినది.

ఆ ఓపిక ఎంతటి ఫలమిచ్చినదో ఒక ఉదాహరణ చాలును. 1775లోనే పండితులు పేరు పెట్టిన ఒక రకపు సీతాకోకచిలుక ఆ అడవిలో ఉన్నది. రెండువందల ఏండ్లకు పైగా అది ఒకటే జాతి యని లోకము నమ్మెను. గొంగళిపురుగులను, వాని తిండిచెట్లను వేరువేరుగా నమోదు చేసిన దస్త్రములను, పాల్ హెబర్ట్ ప్రభృతులు చేసిన జన్యుపరీక్షలను సరిపోల్చగా, ఒక్క గ్వానకాస్తె ప్రాంతముననే అది పది జాతులని 2004లో తేలినది. రెక్కలు ఒకటే, చిన్ననాటి ఆకారములును, ఆహారములును వేరు. మహాపండితుల కంటికందని ఆ భేదమునకు ఆధారము పల్లెవారు ఆకులు మార్చి మార్చి పెంచిన పురుగులలో దొరకినది.

బడిపిల్లల సంగతి ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగినది. వనము చుట్టునున్న పాఠశాలలలోని నాలుగు, అయిదు, ఆరు తరగతుల పిల్లలను అడవికి, ఏటికి, సముద్రపుటొడ్డునకు కొనిపోయి, అచ్చటనే ప్రాణిశాస్త్రము బోధించుటకు వనమువారే ఉపాధ్యాయులను నియమించిరి. పిల్లలందరును శాస్త్రజ్ఞులు కావలెనని దీని ఉద్దేశము గాదు. వారిలో ఒకడు రైతగును, ఒకతె పురపాలక సంఘమున కూర్చుండును, ఒకడు రక్షకభటుడగును. చదువురానివానికి గ్రంథాలయము కాగితముల గుట్ట. అడవిని చదువ నేర్వనివానికి అడవియు వంటచెరకు గుట్టయే. అక్షరాస్యత వలె జీవాక్షరాస్యతయు ప్రజలందరికి ఉండవలెనని జాన్జెన్ పదేపదే వాదించిన మాటకు సారమిది.

రెండు ఆక్షేపణలు

ఇంత గొప్ప కార్యమునకు ఆక్షేపణలు లేకపోలేదు. కాలము కలిసివచ్చినదని కొందరందురు. అది నిజమే. ఆ కాలమున గొడ్డుమాంసపు వ్యాపారము దెబ్బతిని, బీళ్ళను అమ్ముటకు యజమానులు సిద్ధపడిరి. భూమి ఖరీదైన చోట, జనము క్రిక్కిరిసిన చోట, ఇట్టి ప్రణాళిక ఇంత సులభముగా సాగదు. మనిషి చేయి తగులని అడవియే అడవి యని నమ్మువారిది రెండవ ఆక్షేపణ. జాన్జెన్ 1998లో వ్రాసిన ఒక వ్యాసమున, అడవిని తోటవలె చూచుకొన్ననాడే అది నిలుచునని, దానికి తోటమాలి, ఆదాయము, బాధ్యత ఉండవలెనని స్పష్టముగా చెప్పిరి. అట్లు ఆదాయమునకు తలుపు తెరచినచో లోభము ప్రవేశింపదా యను భయము సహేతుకమే. ఈ వివాదము నేటికిని తీరలేదు. కాని నేలపై కనబడుచున్న ఫలితము గొప్పది. నేడు గ్వానకాస్తె సంరక్షణ ప్రాంతము సముద్రభాగముతో కలిపి 1,60,000 హెక్టార్లకు పైబడినది. 1999లో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించెను.

తెల్లని వస్త్రము

ఇంతటితో కథ ముగిసినచో ఎంత బాగుండెడిది! కాని నిజము వేరు. రాత్రివేళ తెల్లని వస్త్రము కట్టి దీపము వెలిగించిన, చుట్టుప్రక్కల రెక్కల పురుగులన్నియు వచ్చి దానిపై వాలును. జాన్జెన్, హాల్వాక్స్ దంపతులు 1984 మొదలు అట్టి వస్త్రముల ఛాయాచిత్రములను భద్రపరచిరి. తొలినాటి చిత్రములలో వస్త్రముపై పురుగులు క్రిక్కిరిసియున్నవి. అదే చోట దశాబ్దముల తరువాత తీసిన చిత్రములలో వస్త్రము తెల్లగా కనబడుచున్నది. 2019లో ప్రచురించిన వ్యాసమున వారు ఈ తగ్గుదలను వివరించి, దానికి ముఖ్యకారణము భూగోళపు వేడిమి పెరుగుటయే యని చెప్పిరి. 1963లో జాన్జెన్ వచ్చిననాడు ఎండకాలము నాలుగు నెలలు. ఇప్పుడది సుమారు ఆరు నెలలు. వానలు ఎప్పుడు పడునో నమ్మకము లేదు. కొండశిఖరములపై మబ్బు నిలుచు ఎత్తు మారిపోయినది. వానరాకను బట్టి గ్రుడ్లు పొదిగి, చిగురును బట్టి పెరుగు పురుగునకు ఆ లెక్క తప్పినది.

అగ్గిని ఆపవచ్చును, గడ్డిని ఓడింపవచ్చును, బీడును కొనవచ్చును. ఆకాశపు వేడిమికి కంచె వేయ నే గ్రామమువారి తరమును గాదు. చెట్లు తిరిగి వచ్చిన అడవిలో పురుగు తగ్గినది. పురుగు తగ్గిన పక్షి తగ్గును. పువ్వునుండి పువ్వునకు పుప్పొడి మోయువారు తగ్గుదురు. అందుచే అడవి తిరిగి వచ్చినదను మాటను జాన్జెన్ చెప్పినంత జాగ్రత్తగానే మనమును చెప్పవలెను.

ఇందులో నిరాశకన్న విలువైనది ఒకటి కలదు. పురుగు తగ్గినదని మనకెట్లు తెలిసినది? నలువది ఏండ్లపాటు కొందరు మనుష్యులు అదే చోట, అదే విధముగా, విసుగక వ్రాసి పెట్టిరి గనుక తెలిసినది. ఆ వ్రాతలలో సింహభాగము సామాన్య గ్రామీణులది. తెలుగు దేశమున ఏ ఊరి బడికైనను ఒక చెట్టు ఉండును. వేపయో, చింతయో, కానుగయో. అది ఏ తేదీన చిగిర్చినది, ఏ తేదీన పూచినది, ఏ పురుగు దాని ఆకు తిన్నది అను నాలుగు ముక్కలు ఏటేట ఒక పుస్తకములో వ్రాయుటకు ఖర్చు లేదు. ఒక తరగతి వ్రాసి వెళ్ళును. తరువాతి తరగతి కొనసాగించును. ఉపాధ్యాయుడు బదిలీయై పోయినను పుస్తకము బడిలోనే ఉండవలెను. పది సంవత్సరముల పిమ్మట ఆ పుస్తకము తెరచి చూచు విద్యార్థికి, తన ఊరి ఎండలును వానలును ఏ దారిని పోవుచున్నవో చెప్పుటకు ఏ మహానగరపు పండితునికిని లేని ఆధారము చేతిలో ఉండును.